చుక్కలపెట్ట, తొమ్మిది గుడ్లు

ఊఁ కొట్టాలి మరి. నీ ఊఁ ఆగితే నా కథ ఆగుతుంది. కాళ్ళు లోపలికి ముడుచుకో, దుప్పటి కప్పుకో. మధ్యలో నీళ్ళంటే లేవను, ఇప్పుడే తాగు.

అనగనగా ఒక ఊళ్ళో పెరడొకటే, పొయ్యిలు మాత్రం రెండు. పెరటి మధ్య ఒక మట్టిగోడ. గోడకి ఇటువైపు పేరంటాలమ్మ, అటువైపు బుల్లెమ్మ. ఇద్దరూ తోడికోడళ్ళు. అన్నగారి భార్య పేరంటాలమ్మ, తమ్ముడి భార్య బుల్లెమ్మ.

ఆ గోడ పెద్ద ఎత్తేం కాదు, భుజాల దాకా వస్తుంది. అటు మనిషి నించుంటే ఇటు తలకాయ కనిపిస్తుంది. కనిపించినా పేరంటాలమ్మ చూసేది కాదు. మూడేళ్ళపాటు చూడలేదు.

ఎందుకంటావా? ఆడపడుచు కొడుక్కి అన్నప్రాశన చేశారు. ఆ రోజు పేరంటాలమ్మ ముక్కల పులుసు పెట్టింది. గుమ్మడికాయ, ములక్కాడ, చిలగడదుంప వేసి గంగాళం నిండా పెట్టింది. ఆమె పులుసంటే చుట్టుపక్కల పేరు. అప్పుడు బుల్లెమ్మ వడ్డనకి వచ్చి, అరచేతిలో ఒక చుక్క వేసుకుని నాకి చూసింది. చూసి, "అక్కా, ఉప్పు కాస్త ముందుకెళ్ళింది. రెండు చెంబులు మరిగిన నీళ్ళు పొయ్యనా?" అంది.

పదిమందిలో అంది. విస్తళ్ళ ముందు కూర్చున్న మగవాళ్ళు నవ్వారు. ఆడపడుచు మూతికి కొంగు అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది.

ఆ పులుసులో ఉప్పు ఎక్కువేం కాలేదు. సరిగ్గానే పడింది. అది గుర్తుపెట్టుకో.

ఆ మర్నాటి నుంచి పేరంటాలమ్మ బుల్లెమ్మతో మాట మానేసింది. అంటే నోరు మూసుకుందని కాదు. బుల్లెమ్మకి చెప్పాలనుకున్నదంతా కోడికి చెప్పేది. ఆమెకో పెట్ట ఉండేది. ఒంటినిండా తెల్లచుక్కలు, కాళ్ళు పసుపు రాసినట్టుంటాయి. దాన్ని అందరూ చుక్కలపెట్ట అనేవాళ్ళు. పొద్దున్నే నూకలు చల్లుతూ, గోడవైపు తిరిగి, "తినవే తిను. వండింది పెడితే తినాలిగానీ వంకలు పెట్టకూడదు. అది కొందరికి కన్నవాళ్ళు నేర్పలేదు" అనేది.

గోడవతల బుల్లెమ్మకీ కోళ్ళున్నాయిగా. ఆమె కూడా తన పెట్టతో, "ఏమే జుట్టుదానా, ఎవరో గొంతు చించుకుంటున్నారు, మంచినీళ్ళు కావాలేమో కనుక్కో" అనేది.

ఇలా మూడేళ్ళు. ఆ రెండు కోళ్ళు విన్నన్ని తిట్లు ఆ ఊళ్ళో ఇంకే కోడీ విని ఉండదు.

బుల్లెమ్మ కోళ్ళు మామూలువి కావు. వాటి తలమీద పువ్వు పెట్టినట్టు గుప్పెడు జుట్టుండేది. ఆమె కాపురానికి వచ్చేటప్పుడు వాళ్ళమ్మ ఒక గంపలో పెట్టనీ పుంజునీ పెట్టి పంపింది. ఆ తర్వాత వాళ్ళమ్మ పోయింది. పుట్టింటి ఇల్లు కూలిపోయింది. ఇంక ఆమెకి పుట్టింటిదని మిగిలింది ఆ జుట్టుకోళ్ళే.

పేరంటాలమ్మ గొప్ప ఏమిటంటే, పొదగెయ్యడం. కోడిని గుడ్ల మీద కూర్చోబెట్టాలంటే ఆమె తర్వాతే ఎవరైనా. గంపలో ముందు ఇసుక, దాని మీద వరిగడ్డి, గడ్డిలో నాలుగు వేపరెబ్బలు. వేపాకు ఉంటే పేలు పట్టవు. గుడ్లు ఎప్పుడూ బేసిగా పెట్టేది, సరి లెక్క పెట్టేది కాదు. ఉరుములకి గుడ్లు చెడిపోకుండా ఒక ఇనపమేకు, ఒక బొగ్గుముక్క, ఒక ఎండుమిరపకాయ గంపలో ఓ వార పెట్టేది. అక్షరం ముక్క రాదు కదా, అందుకని రోజుకో బొగ్గుగీత గోడమీద గీసేది. ఇరవై ఒకటో గీత గీసిన పూట గంపలో కిచకిచలాడాల్సిందే.

చుక్కలపెట్ట కూడా అంతే. కూర్చుందంటే కూర్చున్నట్టే. రోజుకి ఒక్కసారి లేచి, నాలుగు గింజలు ఏరుకుని, రెండు చుక్కలు నీళ్ళు తాగి, పరుగున వచ్చి మళ్ళీ కూర్చునేది. పిల్లలు లేచాక గద్ద నీడ పడితే చాలు, ఒళ్ళంతా ఉబ్బించుకుని ఎగిరి మీదికి పోయేది.

వింటున్నావా? ఊఁ ఏదీ?

అప్పుడు ఒక వేసవిలో ఊళ్ళోకి కొక్కెర తెగులు వచ్చింది. కోళ్ళకొచ్చే మాయదారి జబ్బు అది. కోడి మెడ తిప్పుకుని, నించున్నచోటే కూలబడి పోతుంది. పేరంటాలమ్మ ముందే కనిపెట్టి, తన పుంజునీ, చుక్కలపెట్టతో కలిపి మూడు పెట్టల్నీ కట్టెల కొట్లో పెట్టి తలుపేసింది. బుల్లెమ్మ కోళ్ళు బయట తిరుగుతున్నాయి. మొదటిరోజు పుంజు పోయింది. రెండోరోజు పెట్టలు పోయాయి. మూడోరోజు పొద్దున మిగిలిన ఒక్క జుట్టుపెట్టా పోయింది.

ఆ రోజు పేరంటాలమ్మ గోడ దగ్గర చుక్కలపెట్టతో ఏమందో తెలుసా? "చూశావటే, చెయ్యి మంచిదైతే ఏ తెగులూ రాదు" అంది. అనేసింది. గోడవతల నుంచి ఎప్పటిలా జవాబు రాలేదు. ఎలా వస్తుంది? జవాబు చెప్పుకోవడానికి బుల్లెమ్మకి ఒక్క కోడి కూడా లేదు.

ఆమెకి మిగిలినవల్లా తొమ్మిది గుడ్లు. జబ్బు రాకముందు జుట్టుపెట్ట పెట్టినవి. వాటిని నీళ్ళకుండ పక్కన తడి ఇసుకలో దాచింది. ఊళ్ళో పొదిగే పెట్టలన్నీ తెగుల్లో పోయాయి. ఇంక గుడ్ల మీద కూర్చోగలిగింది ఒక్క చుక్కలపెట్టే. అది సరిగ్గా అప్పుడే పొదుగుకొచ్చి, ఉత్త గంపలో కూర్చుని, దగ్గరికెళ్తే చాలు కుర్రుకుర్రుమంటోంది.

అప్పుడు బుల్లెమ్మ గోడ దగ్గరికి వచ్చింది. కోడికి కాదు, మనిషికే చెప్పింది.

"అక్కా, నా తొమ్మిది గుడ్లున్నాయి. నీ పెట్ట కింద పెడతావా? లేచిన పిల్లల్లో సగం నీకే."

మూడేళ్ళకి మొదటిసారి అక్కా అంది. పేరంటాలమ్మ గోడవైపు ఒక అడుగు వేసింది. కానీ వెంటనే ఆ నవ్విన విస్తళ్ళూ, ఆడపడుచు కొంగూ గుర్తొచ్చాయి.

"చూద్దాం" అంది. అని లోపలికెళ్ళిపోయింది.

వెళ్ళి కూర్చుని ఆలోచించింది. ఇవ్వడం ఇష్టం లేదు. ఇవ్వనని చెప్పడమూ ఇష్టం లేదు, ఊరు ఏమంటుందోనని. "నా పెట్ట పొదుగులో లేదు" అందామంటే అది అబద్ధం. పేరంటాలమ్మ పుట్టిన దగ్గర్నించీ అబద్ధం ఆడి ఎరగదు. అది ఆమెకి గర్వం కూడాను.

మరేం చేసింది? ఆ అబద్ధాన్ని నిజం చేసింది.

మర్నాడు పొద్దున్నే చుక్కలపెట్టని గంపలోంచి లాగి, నీళ్ళ తొట్లో పొట్టదాకా ముంచింది. పొదిగే కోడికి పొట్టలో వేడి పుడుతుంది. ఆ వేడి చల్లారిస్తే పొదగడం మానేస్తుంది. కోడి కొట్టుకుంది. తడిసిన రెక్కలీడ్చుకుంటూ పరిగెత్తి మళ్ళీ గంపెక్కింది. రెండోరోజు మళ్ళీ ముంచింది. ముంచి, ఎండలో కాలికి తాడు కట్టింది. అప్పుడూ అది గంపవైపే లాగింది. మూడోరోజు ముంచి, దాని ఈకే ఒకటి పీకి దాని ముక్కులో గుచ్చింది. పాతకాలం పద్ధతి అది. ఆ రోజు చుక్కలపెట్ట గంపవైపు వెళ్ళలేదు. పెరట్లో ఒక మూల నించుని, ఎటు వెళ్ళాలో తెలీనట్టు కాసేపు అటూ ఇటూ చూసింది. ఆ తర్వాత మామూలు కోడిలా గింజలు ఏరుకుంది.

ముంచినప్పుడు అది పేరంటాలమ్మ మొహంలోకి చూసింది, బంగారూ. కోడికి ఏం తెలుస్తుందిలే అని మనం అనుకుంటాం.

ఆ పూటే బుల్లెమ్మ రెండోసారి వచ్చింది. ఈసారి చేటలో గుడ్లు పెట్టుకుని వచ్చింది. పేరంటాలమ్మ గుమ్మంలోనే నించుని, "చూసుకో, నా పెట్ట పొదుగులో లేదు. అదిగో తిరుగుతోంది" అంది.

"మొన్ననేగా అక్కా కూర్చుని ఉంది?"

"మొన్న మొన్నే, ఇవాళ ఇవాళే. నేను అబద్ధం ఆడతానటే?"

బుల్లెమ్మ కోడివైపు చూసింది. దాని ముక్కులో ఈక ఇంకా అలాగే ఉంది. తొట్టి చుట్టూ తడి కూడా ఆరలేదు. ఆమెకంతా తెలిసిపోయింది. చేట పట్టుకుని వెళ్ళిపోయింది.

మూడోసారి ఎందుకొస్తుందిలే అనుకుంది పేరంటాలమ్మ. కానీ వచ్చింది. పక్క ఊళ్ళు రెండు తిరిగి, ఎక్కడా పొదిగే పెట్ట దొరక్క, ఎండన పడి వచ్చింది. గుమ్మం కింద నించుంది. లోపలికి రాలేదు.

"ఆ రోజు పులుసు సంగతి అలా అనకుండా ఉండాల్సింది, అక్కా. నాదే తప్పు. కోపం నామీద పెట్టుకో. ఈ గుడ్లమీద పెట్టుకోకు. ఇవి మా అమ్మవి."

అప్పుడు పేరంటాలమ్మ ఏమనాలి? "దా, కూర్చో, మజ్జిగ తాగు" అనాలి. అంతేగా? నువ్వైతే అంటావుగా?

ఆమె అలా అనలేదు. "పదిమందిలో అన్నావు. పదిమందిలో చెప్పు. అప్పుడు చూద్దాం" అంది.

బుల్లెమ్మ చేటలోకి చూసుకుంది. "పదిమందిని పోగుచేసేలోపు ఇవి మురిగిపోతాయక్కా" అంది. అని వెళ్ళిపోయింది. ఇంక రాలేదు.

మూడుసార్లు వచ్చినప్పుడు లేని దిగులు, రాకపోతే పట్టుకుంది పేరంటాలమ్మకి. కూర తరుగుతున్నా చెవి వీధి గుమ్మం మీదే. రేపొస్తుందిలే, ఇంకొక్కసారి అడిగితే సరే అనేద్దాం అనుకుంది. నాలుగు రోజులు చూసింది. అయిదో రోజు ఏమైందంటే, చుక్కలపెట్ట తనంతట తనే మళ్ళీ గంపెక్కి కూర్చుంది! రెక్కలు పరుచుకుని, కళ్ళు అరమూసుకుని, కుర్రుకుర్రుమంటూ.

పేరంటాలమ్మకి ప్రాణం లేచొచ్చినట్టయింది. ఈ సంగతి బుల్లెమ్మకి చెప్పాలి. ఎలా చెప్తుంది? వెళ్ళి తలుపు కొట్టడానికి కాళ్ళు రావు. మూడేళ్ళనించీ నోటికి అలవాటైన దారొకటే ఉంది. గోడ దగ్గరికెళ్ళి, కోడివైపు తిరిగి, గట్టిగా అంది:

"ఏమే చుక్కలదానా, మళ్ళీ పొదుగుకొచ్చావటే! పెట్టడానికి గుడ్లున్నవాళ్ళు ఎక్కడున్నారో ఏమో!"

రమ్మని పిలిచాననుకుంది. గోడవతల చీపురు చప్పుడు ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ మొదలైంది.

రెండోరోజు ఇంకాస్త విడమరిచింది. "ఉత్త గంపలో కూర్చున్నావు కదే పాపం! అడిగితే కాదనేదెవరు?" అంది. అప్పుడు గోడవతల తలుపు మూసుకున్న చప్పుడు.

మూడోరోజు గొంతు ఇంకా పెంచింది. "తొమ్మిది గుడ్లకి చోటుందే నీ కింద, తొమ్మిదింటికీ!" అంది.

ఆ మాట అన్నాక గోడమీంచి తొంగి చూసింది. బుల్లెమ్మ గోరింట చెట్టు మొదట్లో చిన్న గొయ్యి తవ్వుతోంది. పక్కన చేట. చేటలోంచి ఒక్కొక్క గుడ్డే తీసి గోతిలో పెడుతోంది. విసిరెయ్యడం లేదు. పెడుతోంది.

అప్పుడు పేరంటాలమ్మ పరిగెత్తింది. చుక్కలపెట్టని ఎత్తి కొంగులో చుట్టుకుని, చెప్పులైనా వేసుకోకుండా, వీధి చుట్టూ తిరిగి, మూడేళ్ళు తొక్కని గుమ్మం తొక్కి పెరట్లోకి వచ్చింది.

"ఆగవే! పూడ్చకు! పెట్టని తెచ్చాను!"

బుల్లెమ్మ తలెత్తింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఇంకా ఎందుకక్కా? మూడురోజులు గోడమీంచి అన్నది చాల్లేదా?"

"ఎగతాళి కాదే అది! నిన్ను పిలిచానే!"

"పిలిచావో, ఎగతాళి చేశావో నాకెలా తెలుస్తుంది? మూడేళ్ళనించీ ఒక్క గొంతుతోనే అంటున్నావు" అంది బుల్లెమ్మ.

పేరంటాలమ్మ పెట్టని కిందికి దించి, గోతి పక్కన కూలబడింది.

బుల్లెమ్మ గుడ్లన్నీ నీళ్ళలో వేసి చూసిందిట. చెడిపోయిన గుడ్డు తేలుతుంది, మంచిది మునుగుతుంది. ఆరు తేలాయి. మూడు మునిగాయి. ఆరూ గోతిలో ఉన్నాయి. మూడు చేటలో ఉన్నాయి.

"మూడైనా పెడదామే" అంది పేరంటాలమ్మ. మొదటిసారి అడిగినప్పుడే సరే అనుంటే తొమ్మిదీ మునిగేవి. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

ఆ తర్వాత ఇద్దరూ కలిసి గంప సర్దారు. ఇసుక, గడ్డి, వేపరెబ్బలు. మేకు, బొగ్గు, ఎండుమిరపకాయ. మూడే అయితే కోడికి మనసు నిలవదని పేరంటాలమ్మ తన గుడ్లు నాలుగు తెచ్చి కలిపింది. బుల్లెమ్మ గుడ్లు కలిసిపోకుండా వాటిమీద బొగ్గుతో ఒక్కో చుక్క పెట్టింది. గంప మాత్రం బుల్లెమ్మ పెరట్లోనే ఉంచింది. రోజూ పొద్దున్నే వీధి చుట్టూ తిరిగి వచ్చి, బుల్లెమ్మ గోడమీద ఒక గీత గీసేది.

బుల్లెమ్మ రోజూ పీట వేసేది. "కూర్చో అక్కా" అనేది. "మంచినీళ్ళు తాగుతావా అక్కా" అనేది. అంతా మర్యాదే. అంత మర్యాద ఇదివరకు ఉండేది కాదు వాళ్ళిద్దరి మధ్య. మాటలు మానకముందు ఒకరి కంచంలోంచి ఒకరు అప్పడం లాక్కునేవాళ్ళు.

ఊఁ కొట్టు. నిద్రపోలేదుగా?

ఇరవై ఒకటో గీత గీశారు. గంపలో కిచకిచ మొదలైంది. పేరంటాలమ్మ నాలుగు గుడ్లూ పిల్లలయ్యాయి. చుక్కపెట్టిన మూడూ అలాగే ఉన్నాయి. మర్నాడు పొద్దెక్కేసరికి చుక్కలపెట్టకి తొందర పుట్టింది. లేచిన పిల్లలు కాళ్ళకి అడ్డం పడుతుంటే ఎంతసేపు కూర్చుంటుంది? నాలుగింటినీ వెంటేసుకుని, కొక్కొక్కుమంటూ గంప దిగిపోయింది. మూడు గుడ్లూ గడ్డిలో చల్లబడిపోతున్నాయి.

"పోనీలే అక్కా" అంది బుల్లెమ్మ. "ఇంక వదిలెయ్."

పేరంటాలమ్మ వదల్లేదు. గిన్నెలో గోరువెచ్చని నీళ్ళు పోసింది. లోపల ప్రాణముంటే గుడ్డు నీళ్ళలో కదులుతుంది. మొదటి గుడ్డు వేసింది. కదల్లేదు. రెండోది వేసింది. కదల్లేదు. మూడోది వేసింది. ఇద్దరూ ఊపిరి బిగబట్టుకుని గిన్నెమీదికి వంగారు. కదల్లేదు, కదల్లేదు... అప్పుడు ఒక్కసారి, ఎవరో లోపల నుంచి వేలితో తట్టినట్టు, గుడ్డు ఇలా టిక్కుమని ఊగింది.

పేరంటాలమ్మ దాన్ని తుడిచి, పాత చీరముక్కలో చుట్టి, రవికలో పెట్టుకుంది. పెట్టుకుని పొయ్యి ముందు కూర్చుంది. వేసవిలో, మధ్యాహ్నం, పొయ్యి ముందు! చెమటలు కారిపోతున్నాయి. భోజనానికి లేవలేదు. తుమ్మొస్తే కూడా ముక్కు పట్టుకుని ఆపుకుంది. బుల్లెమ్మ పక్కన కూర్చుని విసనకర్రతో విసిరింది.

"కోడికన్నా నువ్వే బాగా కూర్చున్నావక్కా" అంది బుల్లెమ్మ. మూడేళ్ళలో ఆమె నవ్వుతూ అన్న మాట అదొక్కటే.

"నన్నూ నీళ్ళలో ముంచి, ముక్కులో ఈక గుచ్చాల్సింది నువ్వు" అంది పేరంటాలమ్మ. నవ్వుతూనే అందామనుకుంది. సగంలోనే మొహం పొయ్యివైపు తిప్పుకుంది.

సాయంత్రం దీపం పెట్టే వేళకి రవికలో టకటకమని ముక్కు చప్పుడు. పెంకు ఒలుచుకుని తడి తడిగా ఒక పిల్ల బయటికొచ్చింది. ఒళ్ళు ఆరాక చూస్తే, తలమీద దూదిపింజంత బొడిపె! జుట్టు! బుల్లెమ్మ దాన్ని రెండు చేతుల్లో పట్టుకుంది. "అమ్మా" అంది. కోడిపిల్లని అందో, ఎవరిని అందో.

చుక్కలపెట్ట దాన్ని ముందు ఒక్క పోటు పొడిచింది. ఆ తర్వాత తల వంచి చూసింది. ఆ తర్వాత రెక్క ఎత్తింది. పిల్ల లోపలికి దూరిపోయింది.

ఆ పెట్ట ఆ అయిదింటినీ ఎంత బాగా పెంచిందనుకున్నావు! కాళ్ళతో మట్టి గీరి, చెదపురుగు కనిపిస్తే తను తినకుండా పిల్లల్ని పిలిచేది. ఒకరోజు గద్ద దిగితే గోరింట చెట్టంత ఎత్తు ఎగిరి దాన్ని తన్నింది. జుట్టుపిల్ల ఎప్పుడూ వెనకబడేది. ఒక రోజు ఆలస్యంగా పుట్టింది కదా. పెట్ట ఆగి, వెనక్కి తిరిగి, అది వచ్చాకే కదిలేది.

బుల్లెమ్మ రోజూ దాన్ని పట్టుకుని చూసేది. పెట్టయితే బాగుండునని. పెట్టయితే గుడ్లు పెడుతుంది, మళ్ళీ జుట్టుకోళ్ళవుతాయి, అమ్మ ఇచ్చిన సంతు నిలుస్తుంది. మూడోనెల దాటాక ఒక పొద్దున అది గోడెక్కి, మెడ సాచి, బొంగురుగొంతుతో "కొక్... కొక్కొరో" అంది.

పుంజు.

గోడకి ఇటు పేరంటాలమ్మ నూకలు చల్లుతోంది. అటు బుల్లెమ్మ ఊడుస్తోంది. ఇద్దరూ తలెత్తి చూశారు. బుల్లెమ్మ "పుంజు గుడ్డు పెట్టదు కదక్కా" అంది. అని మళ్ళీ ఊడ్చుకుంది. ఒక్కమాట దెప్పలేదు. దెప్పి ఉంటే బాగుండేది.

చుక్కలపెట్ట పిల్లలతో ఆ పుంజు కలిసి తిరిగింది. ఇప్పటికీ ఆ వీధి కోళ్ళకి తలమీద నాలుగు వెంట్రుకలు లేచి ఉంటాయి. గుప్పెడు జుట్టు మాత్రం మళ్ళీ ఏ కోడికీ రాలేదు.

అయిపోలేదు, ఇంకాస్త ఉంది. ఆ తర్వాత ఒకరోజు పేరంటాలమ్మ ముక్కల పులుసు పెట్టింది. గుమ్మడికాయ, ములక్కాడ, చిలగడదుంప. మొదటిగిన్నె పట్టుకుని బుల్లెమ్మ ఇంటికెళ్ళింది. కూర్చోబెట్టి, అన్నంలో తనే పోసింది. బుల్లెమ్మ ముద్ద కలుపుకుని తింది.

"ఉప్పు ఎలా ఉందే?" అంది పేరంటాలమ్మ.

బుల్లెమ్మ ముద్ద మింగింది. "సరిపోయిందక్కా. బాగుంది" అంది. గిన్నె ఖాళీ చేసింది.

పేరంటాలమ్మ సంతోషంగా ఇంటికొచ్చి, తనూ కంచం పెట్టుకుని, మొదటిముద్ద నోట్లో పెట్టుకుంది. నాలిక మండిపోయింది. మతిమరుపులో ఉప్పు రెండుసార్లు వేసింది! మనిషన్నవాడు తినలేడు ఆ పులుసు. అప్పుడే గోడవతల చెంబు చప్పుడైంది. బుల్లెమ్మ కుండలో నీళ్ళు ముంచుకుని తాగుతోంది. ఒక చెంబు. ఇంకో చెంబు. ఇంకోటి.

పేరంటాలమ్మ లేచి గోడ దగ్గరికెళ్ళింది. "ఉప్పెక్కువైందని చెప్పొచ్చు కదే" అందామనుకుంది. గోడమీద చెయ్యివేసుకుని అలాగే నించుంది. ఆ ఊరు మొత్తంలో ఆమెకి ఉన్నదున్నట్టు చెప్పే మనిషి ఒక్కర్తే ఉండేది. ఆ మనిషి ఇంక చెప్పదు. గోడవతలే ఉంటుంది, అక్కా అంటుంది, పీట వేస్తుంది. చెప్పదు.

ఏమిటీ? అన్నప్రాశన నాడు పులుసులో నిజంగా ఉప్పు ఎక్కువైందా అనా?

ఇందాక కాలేదన్నాను కదూ.

ఎక్కువే పడింది, బంగారూ. ఆ రెండు చెంబుల నీళ్ళూ పోసుంటే సరిగ్గా సరిపోయేది.

ఇంక కళ్ళు మూసుకో.

పెట్ట వెళ్ళె గంపలోకి,
పిల్ల వెళ్ళె రెక్కలోకి,
ఉప్పు వెళ్ళె పులుసులోకి,
మాట వెళ్ళె గోడలోకి,
కథ నడిచె కంచిలోకి,
మనం ఇంక ఇంటిలోకి.